మాట రాని కంప్లైంటు

కొత్తగూడెంల మా కంప్లైంటు డెస్కు మీద కూసోను కొత్తగ వచ్చే పిల్లలు నన్ను ముందుగాల అడిగేది ఒకటే. "అక్కా, పొద్దంత తిట్లు పడాలెనట గద, నువ్వెట్ల వేగినవ్?" అని. తిట్లు పడాలె, అవ్. నెట్టు పోయిన మనిషి పంటినొప్పి వచ్చిన మనిషి లెక్క ఉంటడు, ఎవరు దొరికితే వాళ్ళ మీద పడతడు. కానీ నేను చెప్పదలుచుకున్నది తిట్ల గురించి కాదు. నా ప్రమోషన్ల గురించి అసలే కాదు, అవి చెప్పుకునేటంత లేవు కూడ. ఈ పని నిజంగ ఏందనేది నాకు తెలిసేసరికి నా సర్వీసు అయిపోవచ్చింది. మీకు జెర ముందుగాల తెలిస్తే మంచిదని రాస్తున్న.

చెవి

నేను ఇల్లందుల బొగ్గుబాయి కార్మికుని బిడ్డను. మా నాయన డ్యూటీ దిగి వస్తుంటే, చెప్పుల చప్పుడు విని "ఇయ్యాల మనిషి చిరాకు మీదున్నడు, ఏం అడగకున్రి" అని మా అమ్మ ముందే చెప్పేది. ఆ విద్య నాకు వచ్చింది. పెండ్లికి ముందు ఎస్టీడీ బూతుల కూసున్న. తర్వాత టెలిఫోను ఆఫీసుల కాంట్రాక్టు మీద చేసిన. ఆఖరుకు ఇంటర్నెట్టు కంపెనీల కంప్లైంటు డెస్కు కాడ పడ్డ. తీగలు మారినయి గాని నా పని మారలే. చెవికి ఒకటి తగిలించుకొని కండ్లు మూసుకొని కూసునుడే నా పని.

కండ్లు మూసుకునుడంటే నిద్ర అనుకునేరు. కండ్లు మూసుకుంటెనే ఇల్లు కనపడేది. వేంసూరు దిక్కు రైతు ఫోను చేస్తే వెనక బోరు మోటరు ఇనపడేది. మోటరు నడుస్తున్నదంటే కరెంటు ఉన్నది, మరి బాక్సు వెలుగుతలేదంటే రోగం ప్లగ్గు కాడనే ఉన్నది. కుక్కరు ఈలేస్తే ఆమె వంటింట్ల నిలబడి మాట్లాడుతున్నది, బాక్సు ముందటి అర్రల ఉన్నది, నడుమ రెండు గోడలున్నయి. మధ్యాహ్నం ఎండకు ఆఫీసు కిటికీల నీలం పరదాలు దించేవాళ్ళు. ఆ నీలం నీడల కూసొని ఒక్కొక్క గొంతు వెంట ఒక్కొక్క ఇంట్లకు పోయి వచ్చేదాన్ని. వాకిట్ల నీళ్ళ గోలెం ఏ పక్కనున్నది, మంచంల ముసలాయన ఏ దిక్కు తల పెట్టి దగ్గుతున్నడు, అన్నీ నాకు ఎరుకే. ఆ ఇండ్లల్ల ఒక్కటి తప్ప ఏది నేను నిజంగ చూడలే. ఇప్పటికి కలలో వస్తయి ఆ ఇండ్లు, నేను ఎన్నడు తొక్కని గడపలు దాటుకుంట తిరుగుత.

బాక్సు ఏడ పెట్టిన్రు?

ఫోను ఎత్తంగనే "ఒకసారి బందు పెట్టి మళ్ళ ఏయండి" అనకున్రి. అది ఆఖరి మందు. ముందుగాల బాక్సు ఏడ ఉన్నదో అడగాలె. మన దిక్కు జనం బాక్సును ఏడపడితే ఆడ పెట్టరు, గౌరవంగ పెడతరు. అదే కష్టం. ఒకామె దుమ్ము పడతదని చేత అల్లిన గుడ్డ కప్పింది, పాపం ఆ బాక్సు ఉక్కపోసి మాటిమాటికి పడుకునేది. ఇంకొకాయన దసరాకు ఆయుధపూజ చేసి, బాక్సుకు పసుపు రాసి, దండేసి, తీగ దూరే కంత కాడ కూడ కుంకుమ బొట్టు పెట్టిండు. ఆ తీగల నడిచేది వెలుతురు. కుంకుమ పడితే మన కండ్లకే కనపడదు, దానికేం కనపడతది. ఒక పెద్దమనిషి అయితే దొంగల భయానికి బాక్సును ఇనుప బీరువాల పెట్టి తాళమేసి, "మీ నెట్టు మా మంచం దాక వస్తలేదు" అని నన్ను గట్టిగనే అడిగిండు. "బీరువా తలుపు తియ్యి బాబాయ్" అన్న. "తీస్తే ఇంక బీరువా ఎందుకమ్మా" అన్నడు.

రెండోది, లైటు రంగు అడగాలె. ఎర్రలైటు వస్తే రోగం ఇంటి బయట ఉన్నట్టు. అంతా పచ్చగుండి నడుస్తలేదంటే రోగం ఇంటి లోపట ఉన్నట్టు. సగం కేసులు ఈ ఒక్క మాట కాడనే తేలిపోతయి. మూడోది, మిగిలిన తీగను ఏం చేసిన్రో అడగాలె. చాలమంది చుట్టజుట్టి మేకుకు తగిలించి, దానిమీద తడి తువ్వాల ఆరేస్తరు. లోపట ఉన్నది గాజు, వంగితే వెలుతురు బయటికి కారిపోతది. ఇవన్ని అడుగుతుంటే "నువ్వు నెట్టు మేడమా, పోలీసు మేడమా" అని కస్టమరు విసుక్కుంటడు. విసుక్కోనియ్యి.

ఏ కంపెనీ మంచిది?

పెండ్లిళ్ళ పంక్తిల కూసున్నా నన్ను ఇదే అడిగేటోళ్ళు. "అక్కా, నువ్వు ఆ లైన్లనే ఉన్నవ్ గద, సర్కారుది మంచిదా, పెద్ద ప్రైవేటుదా, కేబులాయనదా, తీగ లేకుండ గాలిల వస్తదట గద, అదా?" నేను పనిచేసేటప్పుడు మా కంపెనీ పేరే చెప్పాలె. ఇప్పుడు నాకేం అడ్డం లేదు.

లైన్‌మ్యాన్ ఏ ఊళ్ళె ఉంటడో ఆ ఊరికి ఆ కంపెనీ మంచిది. అంతే. వాన పడ్డనాడు మీ పక్కింటోళ్ళను అడుగున్రి, "మీది నడుస్తున్నదా?" అని. నడుస్తున్నదంటే అదే పెట్టుకోన్రి. పాంప్లెటు మీద పెద్ద అక్షరాలతోటి రాసిన స్పీడు మీ ఇంట్ల నలుగురు మనుషులకు ఎక్కువనే అయితది, దాని కోసం కొట్లాడకున్రి. తీగ ఏ దారిన వస్తున్నదో చూడున్రి. రోడ్డు పొంటి స్తంభాల మీద వస్తే ఒక తీరు, చెట్ల మీద కట్టుకుంట వస్తే ఇంకో తీరు. గాలిల వచ్చేది పట్నంల మంచిగనే ఉంటది, అడవి అంచుకు వచ్చేసరికి టేకు ఆకు పెద్దగైనంక బలం తగ్గుతది. ఇంకొకటి, సంతకం పెట్టకముందు వాళ్ళ కంప్లైంటు నంబరుకు ఒకసారి ఫోను చేసి చూడున్రి. మనిషి ఎత్తుతడా, మిషను మాట్లాడుతదా? మనిషి ఎత్తకపోతే ఏమైతదో ఇప్పుడు చెప్త.

మధ్యాహ్నం ఫోను

నా సర్వీసు ఇంకొన్ని నెలలు ఉన్నదనంగ, ఎండలు ముదిరే రోజులల్ల, ఒక ఫోను వచ్చుడు మొదలైంది. రోజు మధ్యాహ్నమే వచ్చేది. ఎత్తితే మాట ఉండదు. మా దాంట్ల మాట లేని ఫోన్లు మస్తు వస్తయి, జేబుల పడి నొక్కుకపోయినయి, పిల్లలు ఆడుకునేటియి. మా మేనేజరు ప్రసాద్ గారు గోదావరి దిక్కాయన, మర్యాదస్తుడు. "సైలెంట్ కాల్ అయితే కట్ చేసేయండి విజయగారూ, లైన్లో వేరేవాళ్ళు వెయిటింగ్‌లో ఉంటారు" అనేటోడు. డెస్కు మీద అందరు కట్ చేసేటోళ్ళు.

నాకు వచ్చిన రోజు నేను కట్ చేయలే. కండ్లు మూసుకున్న. కోడి కొక్కరిస్తున్నది. దూరం నుంచి ఎవరో కట్టెలు కొడుతున్నరు. తర్వాత గాజుల చప్పుడు. తర్వాత దగ్గరనే, మస్తు దగ్గర, టక్ టక్ టక్ అని గోరు తోటి ప్లాస్టిక్కు మీద కొట్టిన చప్పుడు. అది బాక్సు. ఆ చప్పుడు నేను ఏడున్నా గుర్తుపడత. ఎవరో బాక్సు కాడ ఫోను పట్టుకొని, తలుపు కొట్టినట్టు కొడుతున్నరు. "అమ్మా, చెప్పున్రి, ఎవరు?" అన్న. జవాబు లేదు, మళ్ళ టక్ టక్. "చెప్తేనే గద నాకు తెలిసేది" అన్న. ఒక ఊపిరి ఇనపడ్డది, ఆ మీద ఫోను బందయింది.

తెల్లారి మధ్యాహ్నం మళ్ళ వచ్చింది. అదే కోడి, అవే గాజులు. నంబరును బట్టి చూస్తే ములకలపల్లి అవతల ఒక గూడెం, ముత్తమ్మ అనే ఆమె పేరు మీద కనెక్షను. నేనే తిరిగి చేసిన. ఎత్తిన్రు, కానీ మాట లేదు, టక్ టక్. నాకు ఆ రోజంత పని మీద మనసు లేకుండ పోయింది. పొద్దుగూకి ఇంటికి పోయే ముందు ఇంకోసారి చేస్తే, ఈసారి గొంతు పలికింది. ముత్తమ్మే. పొద్దంత మిర్చి ఏరను కూలికి పోయి అప్పుడే వచ్చిందట.

"ఆ ఫోను నా బిడ్డ చేస్తది అక్కా. రాధ. దానికి పుట్టుకతోనే ఇనరాదు, మాట రాదు."

"మరి మాట రానిది ఫోనెందుకు చేస్తున్నది చెల్లె?"

"ఏం చేస్తది మరి. డబ్బాకు ఎర్రలైటు వస్తే గీ నంబరుకు చేయాలెనని మీ లైను మనిషి చెప్పిపాయె. నేనేమో కూలికి పోత. అది నంబరు నొక్కి డబ్బా కాడ పెడతది. పెట్టి గోరుతోటి కొడతది. అవతల ఎవరన్న ఇంటరేమోనని."

ఇంటికి పోదామని తీసిన సంచి మళ్ళ కింద పెట్టి కూసున్న.

ముత్తమ్మ మెల్లగ అంత చెప్పింది. రాధ, అల్లుడు నరేష్, ఇద్దరు చిన్నప్పుడు ఖమ్మంల చెవిటి పిల్లల బడిల చదువుకున్నరు, అక్కడనే ఒకరికొకరు నచ్చిన్రు. ఇద్దరు చేతులతోటే మాట్లాడుకుంటరు. రాసుడు "బువ్వ తిన్నవా" వరకే వస్తది. రాధ తొలికాన్పుకు తల్లిగారింటికి వచ్చింది. నరేష్ ఖమ్మంల ఒక ప్రెస్సుల నైట్ పని చేస్తడు, కాయితాలు కత్తిరించే మిషను మీద. పొద్దుగాల వచ్చి పడుకొని మధ్యాహ్నం లేస్తడు. లేచి మళ్ళ పనికి పోయేదాక ఇద్దరు వీడియోల మాట్లాడుకుంటరు. గూడెంల సెల్లు సిగ్నలు మాట వరకే, బొమ్మ కదలదు. అందుకే తల్లి ఆ నెట్టు పెట్టించింది.

"నీకు ఆ సైగలు రావా?" అని అడిగిన.

"ఆకలి, దూప, నొప్పి, గివే అక్కా మా ఇంట్ల సైగలు. వాళ్ళిద్దరు మాట్లాడుకునేది మస్తుగుంటది. నాకు అందదు." కొంచెం ఆగి అన్నది. "నెల సంది ఎండెక్కంగనే ఎర్రలైటు. చల్లబడ్డంకనే వస్తది. అప్పటికి అల్లుడు పనిలోకి పోతడు. అందుకని పిలగాడు ఏం చేస్తున్నడంటే, పొద్దుగాల వచ్చి పండుకోకుంట దీనితోటి మాట్లాడుతున్నడు. నిద్ర లేదు. మొన్న మిషను కాడ కునికిండట, ఏలు మీద గీసుకపోయింది. కట్టు చూసి నా బిడ్డ ఆ దినమంత బువ్వ ముట్టలే. వద్దు, పడుకో అంటే అతను వినడట. వాళ్ళకు చేతులే గద అక్కా నోరు. చెయ్యి పోతే ఇంక ఏమున్నది?"

పొద్దున పోతే పచ్చలైటే

కంప్లైంటు ఎక్కించిన. ఆ దిక్కు లైన్‌మ్యాన్ యాకూబ్, ములకలపల్లి మనిషే, పనిమంతుడు. ఎండ పడకముందే పోయిండు. ముత్తమ్మ కూలికి పోకముందు ఇంట్ల ఉంటది గద, ఆ లెక్కన కూడ పొద్దుగాలనే పోవాలె. పోతే బాక్సు పచ్చగ వెలుగుతున్నది. మీటరు పెట్టి చూసిండు, అంత మంచిగుంది. రోగం లేదని క్లోజ్ చేసిండు. మధ్యాహ్నం మళ్ళ టక్ టక్. మళ్ళ ఎక్కించిన. మధ్యాహ్నం పొమ్మన్న గాని అప్పుడు అతనికి వేరే ఊళ్ళ పని, మళ్ళ పొద్దుగాలనే పోయిండు, మళ్ళ పచ్చలైటే. "అక్కా, ఆ పిల్ల నన్ను గుర్రుగ చూస్తున్నది, నేనేం చేసిన?" అని ఫోను చేసిండు యాకూబ్.

మేనేజర్ సారుకు స్క్రీను మీద రెండుసార్లు క్లోజ్ అయిందని కనపడుతున్నది. "ఫాల్ట్ లేదని టెక్నీషియనే చెప్తున్నాడు కదండీ. మీరు ఊరికే మనసుకి పెట్టుకుంటున్నారు" అన్నడు. ఆయన అబద్ధం చెప్పలే. స్క్రీను కూడ అబద్ధం చెప్పలే. రోగి పడుకున్నప్పుడు పోయి నాడి చూసి, జరం లేదని చెప్పి వచ్చినట్టు అయింది అంతే.

నాకు ఆ గోరు చప్పుడు నిద్రల కూడ ఇనపడబట్టింది. ఒకరోజు సెలవు పెట్టిన. సర్వీసు మొత్తంల ఒక కస్టమరు ఇంటికి నేను పోయింది అదే.

ఇప్పచెట్టు కింద

పాల్వంచ మీదుగ బస్సుల ములకలపల్లి పోయి, యాకూబ్ బండి ఎక్కిన. టేకు చెట్లకు ఆకు లేదు, ఎక్కడపడితే అక్కడ మోదుగుపూలు. ఇప్పపువ్వు వాసన దారి పొడుగునా తియ్యగ, మత్తుగ, కడుపుల కూడ తెలిసేటట్టు వచ్చింది. నేల మీద అక్కడక్కడ నల్లగ కాలిన మచ్చలున్నయి. బండి శబ్దం తప్ప ఏం లేదు. చెవితోటి బతికినదాన్ని, ఆ రోజు నాకు మొదటిసారి కండ్లు తెరిచినట్టు అనిపించింది.

ఆ ఇల్లు నేను అనుకున్నట్టే ఉన్నది. కోడి ఉన్నది. కట్టెలు కొట్టేది ఎదురింటాయన. ముత్తమ్మ మా కోసమని ఆ రోజు కూలికి పోలే. రాధ నిండుచూలాలు, చేతులనిండ ఆకుపచ్చ గాజులు. నన్ను పైనుంచి కింది దాక చూసింది. నేనెవరో ముత్తమ్మ చెవి మీద చెయ్యి పెట్టి చూపిస్తే, రాధ నా చెవులు రెండు ఒక్కొక్కటిగ చూసింది, ఇవేనా అన్నట్టు. నాకు సిగ్గయింది.

బాక్సు గోడ గూట్ల ఉన్నది, గుడ్డ లేదు, దండ లేదు, శుభ్రంగ ఉన్నది. పచ్చలైటు. కూసున్నం. ఎండ వాకిలి దాటి గడపెక్కింది. యాకూబ్ నాతోటి ఏదో చెప్తున్నడు, రాధ అతని భుజం తట్టింది. తిరిగి చూస్తే ఎర్రలైటు.

యాకూబ్ తన సంచిలకెల్లి ఎర్రలైటు పెన్ను తీసిండు. ఆ పెన్నును తీగకు పెడితే ఎర్రటి వెలుతురు లోపట నడుచుకుంట పోతది, గాజు ఏడ దెబ్బతిన్నదో ఆడ బయటికి మెరుస్తది. చీకట్ల అయితే దూరం నుంచే కనపడతది, మిట్టమధ్యాహ్నం ఎండల ఏం కనపడతది. ఆ ఇంటికి తీగ చెట్టు మీంచి చెట్టు మీదికి కట్టుకుంట వచ్చింది, కొన్నిచోట్ల ఛాతీ ఎత్తుల వేలాడుతున్నది. యాకూబ్ ముందు, నేను వెనక, పైకి చూసుకుంట పోయినం. రాధ మా ఇద్దరిని ఆపింది. తను మెల్లగ నడుము మీద చెయ్యి పెట్టుకొని, తీగ పొంటి నడుచుకుంట, ఒక్కొక్క జాగల రెండు అరచేతులు దొప్ప చేసి తీగ చుట్టు మూసి, లోపటికి తొంగి చూసుకుంట వచ్చింది. ఇంటి వెనక ఇప్పచెట్టు కాడ ఆగింది. చప్పట్లు కొట్టింది. పోయి చూస్తే ఆమె గుప్పిట్ల మిణుగురు పట్టుకున్నట్టు ఎర్రగ మెరుస్తున్నది.

అక్కడ తీగ మీది తొడుగు కాలి, ముడుచుకపోయి ఉన్నది. కింద నేల నల్లగున్నది, ఆ నలుపు మీద పొద్దున ఏరగ మిగిలిన ఇప్పపూలు తెల్లగ కనపడుతున్నయి. పువ్వు రాలకముందు చెట్టు కింద ఎండుటాకు కాలవెట్టుడు ఆ ఊళ్ళల్ల ప్రతి ఇంటి పని. నేల సాపుగుంటేనే పువ్వు కనపడతది, ఏరుకోవచ్చు. ఏ చెట్టు ఏ ఇంటిదో అందరికి ఎరుకే. ఈ చెట్టు ముత్తమ్మకు అత్త నుంచి వచ్చింది. ఆ మంట సెగ తీగకు తగిలింది. పూర్తిగ తెగితే ఒక్కరోజుల దొరికేది. తెగలే. చల్లగున్నప్పుడు బిగుసుకొని నడుస్తది, ఎండ ఎక్కితే కాలిన తొడుగు మెత్తబడి తీగ సాగి, లోపట గాజు వంగుతది.

ముత్తమ్మ ఆ నల్లనేల మీదనే కూలబడ్డది. "నిప్పు నేనే అంటువెట్టిన అక్కా," అన్నది. "నా బిడ్డ నోరు నేనే కాలవెట్టిన."

"నువ్వు కాదు," అన్న. నాకు కోపం వచ్చింది, ఆమె మీద కాదు. "మీ అత్త కాలంల కూడ ఈ చెట్టు కింద అంటువెట్టిన్రు. ఈ చెట్టుకు తీగ కట్టింది నిన్నమొన్న మేము. ఎండకాలంల ఈడ ఏం జరుగుతదని మాట వరుసకన్న నిన్నెవరన్న అడిగిన్రా?"

"లేదు."

యాకూబ్ తలకాయ దించుకున్నడు. "కాంట్రాక్టోళ్ళు వానకాలంల కట్టిన్రక్కా. అప్పుడు కింద పచ్చగడ్డి ఉండె" అన్నడు.

అతను కాలిన ముక్క కోసేసి గాజుకు గాజు అతికిచ్చిండు. ఎదురింటాయన కట్టెలు కొట్టుడు ఆపి రెండు పొడుగు వెదురు గడలు తెచ్చి పాతిండు. తీగ చెట్టును విడిచి, మంటకు అందనంత ఎత్తుకు పోయింది. రాధ మాత్రం బాక్సు కాడి నుంచి కదలలే. పచ్చలైటు వచ్చింది. మేము చూసినం, ఉన్నది, ఇంకా ఉన్నది. ఎండ నెత్తి మీదనే ఉన్నది, లైటు పచ్చగనే ఉన్నది.

రాధ వీడియో కలపంగనే, దిండు కింద ఫోను అదిరి అవతల నరేష్ లేచిండు, జుట్టంత చెదిరి, ఏలుకు కట్టుతోటి. మధ్యాహ్నం పూట ఆమె ముఖం కనపడేసరికి అతనికి ముందు భయమైంది, నొప్పులు వచ్చినయేమో అనుకున్నడు. రాధ కాదు కాదు అని చెయ్యి ఊపి, చెంప కింద రెండు చేతులు పెట్టి కండ్లు మూసి చూపించింది. పడుకో అని. ఇయ్యాల్టి నుంచి పొద్దుగాల పడుకో అని. అతను ఏదో అన్నడు, ఆమె కొట్టిపారేసింది. అతను నవ్విండు. తర్వాత ఇద్దరి చేతులు ఆగలే. నెల దినాల మధ్యాహ్నాల బాకీ ఉన్నది గద.

ఆ అర్రల మాట లేదు. నేను కండ్లు మూసుకున్న, అలవాటు కొద్ది. గాజుల చప్పుడు. అది ఒక తీరు ఉండదు, ఒకసారి తొందరగ, ఒకసారి ఆగి, ఒకసారి మెల్లగ. అరె, వీళ్ళ మాటలకు కూడ చప్పుడున్నది, వాళ్ళకు తప్ప అందరికి ఇనపడతది అనుకున్న. మళ్ళ కండ్లు తెరిచేసరికి రాధ నా దిక్కు చూపించి అతనికి ఏదో చెప్తున్నది. అరచెయ్యి చెవి వెనక పెట్టి, ముందుకు వంగి చూపించింది. నరేష్ అదే చేసిండు, కట్టు కట్టిన చేతితోటి. ఆ ఇంట్ల నా పేరు అది.

మేనేజర్ సారు

తెల్లారి మేనేజర్ సారు దాన్ని కస్టమరు చేసిన డ్యామేజీ కింద క్లోజ్ చేయమన్నడు. "వాళ్ళే నిప్పు పెట్టారు కదండీ" అన్నడు. ఆయన మాటల న్యాయం ఉన్నట్టే ఉంటది, జెర దూరం నుంచి చూస్తే. నేను ఒప్పుకోలే. "సారూ, మీ ఊళ్ళె గోదారి ఒడ్డున, వరద వచ్చేకాడ ఎవరన్న ఇల్లు కడితే తప్పు గోదారిదా, కట్టినోళ్ళదా?" అని అడిగిన. ఆయన శానసేపు కుర్చీల అటు ఇటు తిరిగిండు. "కట్టినవాళ్ళదే" అన్నడు ఆఖరికి.

మంచి మేనేజరు అంటే నా లెక్కల తప్పు చేయనోడు కాదు, గిట్ల ఆఖరికన్న అనగలిగేటోడు. ఆయన లైను తప్పు అనే రాయించిండు. అడవి అంచు ఊళ్ళల్ల ఇప్పచెట్లకు కట్టిన తీగలన్ని చూసి రమ్మని యాకూబును పంపిండు. మీరు ఏ ఊరికి లైను ఏసినా స్తంభాల లెక్క చూసుకునే ముందు, ఆ ఊళ్ళె ఏ నెలల ఏం చేస్తరో అడగున్రి. తునికాకు ఎప్పుడు కోస్తరు, పొలం ఎప్పుడు అంటువెడతరు, కోతులు ఏ దారిన వస్తయి, ఇవన్ని. ఒక ముసలమ్మ కాడ కూసొని చాయ తాగితే అన్ని చెప్తది.

నాకు తెలిసిన ఇంకో మాట. స్క్రీను మీద రోగం లేదంటే ఆ టైముకు లేదని. కస్టమరు చెప్పే టైముకు పోన్రి, మీకు సుళువైన టైముకు కాదు.

ఆఖరి రోజు

నేను రిటైరయ్యే రోజు ఆఫీసుల దండ, శాలువా, లడ్డూలు తెచ్చిన్రు. మేనేజర్ సారు రెండు మాటలు మాట్లాడాలెనని, అవేందో మధ్యాహ్నం దాక గుర్తు చేసుకుంటనే ఉన్నడు. వాన మబ్బు పట్టింది, ఆ నీలం పరదాలు తీసేసి ఉన్నయి. నాకు నా సీటు ఇడిచిపెట్టబుద్ధి కాలే. నా పక్కన కొత్తగ చేరిన పిల్ల, పేరు శిరీష, ఒక ఫోను ఎత్తి రెండుసార్లు హలో అన్నది. "సైలెంట్ కాల్ అక్కా" అని కట్ చేయబోయింది.

"ఆగు" అని నేను తీసుకున్న.

కోడి ఇనపడ్డది. గాజులు, తర్వాత టక్ టక్. మళ్ళ ఎర్రలైటు వచ్చిందేమో, మళ్ళ తీగ పోయిందేమో అనుకున్న. స్క్రీను చూసిన, లైను మంచిగనే ఉన్నది. ఫోను జరిగిన చప్పుడు. గాజులు దగ్గరకు వచ్చినయి. అప్పుడు పిల్ల ఏడుపు. చంటిపిల్ల, కొత్త గొంతు, గట్టిగ, ఊపిరి బిగబట్టి మళ్ళ రాగం ఎత్తుకొని ఏడుస్తున్నది.

భద్రాచలం దవాఖానల ఆడపిల్ల పుట్టిందని, తల్లి పిల్ల మంచిగున్నరని యాకూబ్ నాకు ముందే చెప్పిండు. ఆ ఏడుపు రాధకు ఎన్నడు ఇనపడదు. పిల్ల నోరు తెరుస్తది, ముఖం ఎర్రగైతది, అంతే ఆమెకు తెలిసేది. నరేషుకు అంతే. తమకు ఇనపడనిది అందుకునే మనిషి ఒకతి ఉన్నదని ఆమెకు గుర్తున్నది. నంబరు నొక్కి, ఫోను తీసుకపోయి బిడ్డ నోటి కాడ పెట్టింది.

నేను మాట్లాడి లాభం లేదు. పెట్టేస్తే మాత్రం ఆమె ఫోనుల తెలిసిపోతది. అందుకని పెట్టలే. కండ్ల నీళ్ళు కారుతనే ఉన్నయి, తుడుచుకోలే. మేనేజర్ సారు దండ పట్టుకొని తలుపు కాడ నిలబడ్డడు.

"ఏమంటున్నరక్కా?" అని మెల్లగ అడిగింది శిరీష. "కంప్లైంటు ఏంది?"

నేను హెడ్‌ఫోను తీసి ఆ పిల్ల చెవికి పెట్టిన. "కండ్లు మూసుకొని విను" అన్న.